మిద్దె మీద తోట, కింద సంపు: వాన నీటిలో ఏం కలుస్తోంది?

మిద్దె మీద కుండీలు, సంచులు పెట్టి టమాటా, వంగ, గోంగూర, బచ్చలి పెంచుకోవడం ఇప్పుడు పట్నాలకే పరిమితం కాదు. పల్లెల్లో డాబా ఇళ్లు పెరిగాక అక్కడా మొదలైంది. ఇంకోపక్క, బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పు ఉన్న ఊళ్లలో మిద్దె మీద పడ్డ వాన నీటిని గొట్టంతో సంపులోకి దించుకుని తాగడానికి, వంటకు వాడుకునే కుటుంబాలూ ఉన్నాయి. రెండూ మంచి పనులే. కానీ రెండూ ఒకే మిద్దె మీద, ఒకే గొట్టంతో నడుస్తుంటే మాత్రం కాస్త ఆలోచించాలి. కుండీ అడుగు నుంచి కారే గోధుమ రంగు నీరు కూడా ఆ గొట్టంలోనే దిగుతుంది మరి.

మొక్కలు, మట్టి నీటిని వడగడతాయి కదా, ఇంకా మంచిదే కదా అని చాలామంది అనుకుంటారు. పట్నం పత్రికల్లోనూ పచ్చ కప్పులు వాన నీటిని శుభ్రం చేస్తాయని రాసేస్తుంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం ఏమిటో తెలుసుకుంటే మిద్దె తోటను, తాగే నీటిని రెండింటినీ కాపాడుకోవచ్చు.

పై దేశాల్లో ఎందుకు పెట్టారు?

కప్పు మీద మట్టి పోసి పచ్చిక పెంచడం కొత్త సంగతి కాదు. నార్వేలో పాతకాలపు ఇళ్లకు భోజపత్రం జాతి చెట్టు బెరడు పరిచి, దానిమీద గడ్డి పెళ్లలు పేర్చేవారు. చలికి అది దుప్పటి. ఇప్పటి పద్ధతి 1970ల తరవాత జర్మనీలో బలపడింది. స్లాబు మీద నీరు దిగని పొర, దానిమీద వేళ్లు చొరబడకుండా మరో పొర, నీరు పారే గులక పొర, ఆపైన నాలుగైదు అంగుళాల తేలిక మట్టి. అందులో సెడమ్ అనే కండగల ఆకుల మొక్క నాటుతారు. మన రణపాల కుటుంబానిదే అది. నీళ్లు లేకపోయినా చాలాకాలం బతుకుతుంది.

కెనడాలోని టొరంటో నగరం 2009లో పెద్ద భవనాలకు ఇది తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ 2010లో అదే బాట పట్టింది. వాళ్ల బాధ వేరు. వాన పడగానే నీరంతా ఒక్కసారి మురుగు కాల్వల్లోకి దూకి వీధులు మునుగుతున్నాయి. కప్పు మీద మట్టి ఉంటే కొంత నీరు అక్కడే ఆగుతుంది. స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఆగస్టెన్‌బోర్గ్ అనే పేట ఇలాగే మునుగుతుంటే 1998 నుంచి అక్కడ కప్పుల మీద పచ్చిక వేస్తూ, వాన నీటికి కాల్వలు, గుంటలు తవ్వుతూ బాగుచేసుకున్నారు.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ నీటిని వాళ్లు తాగరు. అది కాల్వలోకో చెరువులోకో పోతుంది. అయినా ఆ నీటిలో ఏముందో పరీక్షించి చూసుకున్నారు. ఆ లెక్కలే మనకు పనికొస్తాయి.

పరీక్షల్లో ఏం తేలింది?

దక్షిణ స్వీడన్‌లో నాలుగు పచ్చ కప్పుల నుంచి కారే నీటిని లుండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. నైట్రేటు రూపంలోని నత్రజనిని మొక్కలు, మట్టి కలిసి పట్టుకున్నాయి. అంతవరకు మేలే. భాస్వరం దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. వాన నీటిలో ఉన్నదానికన్నా కప్పు దాటి వచ్చిన నీటిలో ఎక్కువ ఉంది. నాలుగింటిలో బాగా పాతదైన కప్పు ఒక్కటే భాస్వరం వదల్లేదు. లోహాలు కొన్ని కూడా కప్పు నుంచే వచ్చాయి, అయితే నగర వీధుల్లో పారే నీటిలో ఉండే స్థాయికన్నా తక్కువే. నీటిలో తేలిగ్గా కరిగే ఎరువులు కప్పు మీద వాడొద్దని వాళ్లు గట్టిగా చెప్పారు.

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం గోల్డ్స్‌బరోలో ఇంకో పరీక్ష జరిగింది. దాని ఫలితాలు 2008లో వచ్చాయి. అక్కడి పచ్చ కప్పు పడ్డ వానలో 64 శాతం తనలోనే ఆపేసింది. వరద తగ్గించడానికి అది గొప్ప సంగతే. కానీ కారిన మిగతా నీటిలో నత్రజని, భాస్వరం రెండూ వాన నీటిలో ఉన్నదానికన్నా చిక్కగా ఉన్నాయి. కారణం వెతికితే మట్టిలో కలిపిన 15 శాతం కంపోస్టు దగ్గర తేలింది.

స్వీడన్‌లో నత్రజని ఆగింది, అమెరికాలో కారింది. రెండూ పచ్చ కప్పులే. తేడా కప్పులో లేదు, దానికి పెట్టిన మేతలో ఉంది. తక్కువ మేతతో బతికే కప్పు నీటిలోని నత్రజనిని తాగేస్తుంది. మేత ఎక్కువైన కప్పు మిగిలింది కింద వదిలేస్తుంది. మన మిద్దె తోటలు ఏ కోవకు చెందుతాయో వేరే చెప్పాలా? సెడమ్ మొక్కకు ఏడాదికోసారి ఎరువు వేసినా ఎక్కువే. మనం కుండీలో సగం పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు నింపి, పదిహేను రోజులకోసారి జీవామృతమో, 19-19-19 నీళ్లో పోసి టమాటా పండిస్తాం. కాయ కావాలంటే అంత మేత కావాల్సిందే. తప్పు పట్టడానికి లేదు. కారే నీళ్లు మాత్రం ఆ మేతను మోసుకొస్తాయి.

పొలంలో నిలిచేది మిద్దె మీద ఎందుకు నిలవదు?

భాస్వరం పొలంలో వేస్తే కదలదని రైతులకు తెలుసు. వేసినచోటే ఉంటుంది, అందుకే దుక్కిలోనే వేయమంటారు. నేలలోని బంకమట్టి, ఇనుము, సున్నం దాన్ని పట్టేసుకుంటాయి. మిద్దె మీద బరువు తగ్గాలని మనం మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, కంపోస్టు, ఇసుక కలుపుతాం. వీటిలో భాస్వరాన్ని పట్టుకునే బంకమట్టి బహు తక్కువ. కాబట్టి పొలంలో మొండిగా కూర్చునే భాస్వరం ఇక్కడ నీళ్లతో జారిపోతుంది.

నైట్రేటు సంగతి మరీనూ. దాన్ని బంకమట్టి కూడా పట్టుకోలేదు. నీరు ఎటు పోతే అటే పోతుంది. పొలంలో అయితే జానెడు కిందికి దిగినా వేళ్లు అక్కడిదాకా పోయి కొంత తెచ్చుకుంటాయి. కుండీలో జానెడు దిగిందంటే అడుగున చిల్లే. చిల్లు కింద స్లాబు, స్లాబు చివర గొట్టం.

కొబ్బరి పొట్టు గురించి ఒక మాట. కడగని పొట్టులో ఉప్పు, పొటాష్ బాగా ఉంటాయి. గోధుమ రంగు కూడా దాన్నుంచే ఎక్కువగా దిగుతుంది. వాడేముందు రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండి, ఆ నీళ్లు పారబోయాలి. మొక్కకూ అదే మంచిది.

మేలు లేదా అంటే ఉంది. దుమ్మును, సీసం, జింకు లాంటి లోహాలను కొంతమేర మట్టి పట్టి ఉంచుతుంది. పెన్సిల్వేనియాలో పుల్లని వాన నీరు పచ్చ కప్పు దాటేసరికి పులుపు విరిగింది. కానీ మన దేశంలో గాలిలో సున్నపు ధూళి ఎక్కువ కనుక చాలాచోట్ల వాన నీరు అంత పుల్లగా ఉండదు. ఆ లాభం మనకు పెద్దగా లెక్కలోకి రాదు.

మన మట్టి మిద్దెలు వేరు

రాయలసీమలో మట్టి మిద్దెలు చూసినవాళ్లు, మనవాళ్లు ఎప్పుడో ఇది చేశారు కదా అనొచ్చు. నిజానికి అది దీనికి పూర్తిగా ఎదురు పని. దూలాలు, దంతెలు, వాటిమీద కప్పు వేసి, పైన ఏరికోరి చౌడు మట్టి పోసేవారు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. నీరు లోపలికి దిగదు, గడ్డీ సరిగా మొలవదు. మొలిస్తే వేళ్లవెంట ఉరుస్తుందని పీకేసేవారు కూడా. వాన నీరు పైపైనే జారి తూముల్లోంచి దూకేది. పచ్చ కప్పు నీటిని తాగాలి, చౌడు మిద్దె తాగకూడదు. పెద్దవాళ్లకు నేలల స్వభావం ఎంత బాగా తెలుసో చూడండి. చౌడు పనికిరాని నేల అంటాం గానీ, ఇంటి నెత్తిన మాత్రం దానికి మించింది లేకపోయింది.

వానల్లోనూ తేడా ఉంది. మాల్మోలో ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. అనంతపురంలో సుమారు 550. అంకెలు దగ్గరే. కానీ అక్కడ ఏడాది పొడుగునా జల్లులు. మనకు నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని రోజుల్లో కుమ్మరిస్తుంది. జల్లు అయితే మట్టి తాగుతుంది. కుంభవృష్టి అయితే కుండీ నిండి, ఎరువు కరిగి, పొర్లి పోతుంది.

చెంచాడు యూరియా లెక్క

కుండీకి వేసేది ఎంత, సంపులో కలిసేది ఎంత అని తేలిగ్గా తీసేయకండి. ఒక చిన్న లెక్క వేద్దాం.

20 కుండీలకు ఒక్కో చెంచా, అంటే 5 గ్రాముల చొప్పున యూరియా వేశారనుకుందాం. మొత్తం 100 గ్రాములు. యూరియాలో 46 శాతం నత్రజని కనుక 46 గ్రాముల నత్రజని. అదంతా నైట్రేటుగా మారితే 200 గ్రాములు దాటుతుంది. ఆ నీరంతా 5,000 లీటర్ల సంపులోకి దిగితే లీటరుకు 40 మిల్లీగ్రాములు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ నిబంధన. అంటే వంద గ్రాముల యూరియాకే సంపు హద్దు దగ్గరికి వచ్చేసింది.

అంతా కొట్టుకురాదు నిజమే. మొక్క కొంత తింటుంది, కొంత గాలిలో కలుస్తుంది. సగమే వచ్చిందనుకోండి, 20 మిల్లీగ్రాములు. కానీ మిద్దె తోటలో ఎరువు ఒక్కసారి వేసి ఊరుకోరు కదా. పైగా పశువుల ఎరువు, కంపోస్టు నుంచి వచ్చే నత్రజనిని ఈ లెక్కలో కలపలేదు.

ఎక్కువ నైట్రేటు వల్ల అసలు ముప్పు ఆరు నెలల లోపు పసిపిల్లలకు. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పడితే రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గి, ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. కాచి చల్లార్చితే సరిపోతుందనుకుంటారు. పేడ, జీవామృతం నుంచి వచ్చే క్రిములు కాస్తే చస్తాయి. నైట్రేటు చావదు. కాచినకొద్దీ నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

భాస్వరం తాగినవాళ్లను ఏమీ చేయదు. కానీ వెలుతురు తగిలే తొట్టిలో పచ్చ పాచి కట్టేది దానివల్లే. చెరువుల్లో గుర్రపు డెక్క కమ్మేదీ ఈ పోషకాల బలంతోనే.

పురుగు మందులు, తారు షీట్లు

స్విట్జర్లాండులో ఇళ్ల కప్పుల నుంచి కారే నీటిని పరీక్షిస్తే మెకోప్రాప్ అనే కలుపు మందు కనిపించింది. అక్కడెవరూ కప్పు మీద కలుపు మందు కొట్టలేదు. ఆరా తీస్తే స్లాబుకు పరిచిన తారు షీట్లలో, వేళ్లు చొరబడకుండా తయారీలోనే కలిపిన మందు అని తేలింది. 1998లో ప్రచురించిన ఆ పరిశోధనలోనే, పొలాల్లో అట్రజిన్ కొట్టే రోజుల్లో వాన నీటిలోనూ అట్రజిన్ దొరికింది. మన మొక్కజొన్న రైతులకు అట్రజిన్ గురించి చెప్పక్కర్లేదు. గాలిలోకి లేచిన మందు వానతో దిగుతుంది. చేల మధ్యనున్న ఇళ్లవాళ్లు మందులు కొట్టే రోజుల్లో పడ్డ వానను, ముఖ్యంగా చాలా రోజుల ఎండ తరవాత పడ్డ మొదటి వానను సంపులోకి వదలకూడదు.

దీనికి తోడు మన అలవాట్లు ఉన్నాయి. మందు కొట్టిన మిరప కాయలు, పత్తి ఆరబోసేది మిద్దె మీదే. స్ప్రేయర్ కడిగి బోర్లించేది మిద్దె మీదే. కుండీలోని వంగకు పురుగు పడితే చేనికి తెచ్చిన మందే కాస్త తెచ్చి కొట్టేస్తారు. ఆ మిద్దె నీటిని తాగకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

మిద్దెను పంచుకోవాలి

ఫ్లోరైడు ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. వాన నీటిలో ఫ్లోరైడు నామమాత్రం. అలాంటి చోట మిద్దె మీది వాన బంగారంతో సమానం. అందులోకి మనమే నైట్రేటు దించుకుంటే ఒక బాధ తప్పించుకుని ఇంకో బాధ తెచ్చుకున్నట్టే.

తోట తీసేయనక్కర్లేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 600 చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 55 చదరపు మీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడేచోట, తరుగు పోను 26 వేల లీటర్లు చేతికొస్తాయి. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 9 వేల లీటర్ల చిల్లర చాలు. అంటే సగం మిద్దె నీరు సరిపోతుంది. మిగతా సగం తోటకు వదిలేయవచ్చు.

మధ్యలో సిమెంటుతో మూడు అంగుళాల కట్ట వేయించండి. ఎత్తున్న వైపు తోట ఉండకూడదు. ఉంటే కట్ట మీదుగా పొర్లి మంచి వైపుకు వస్తుంది. వాలు ఎటుందో బిందెడు నీళ్లు పోసి చూసుకుని, పల్లం వైపు కుండీలు పెట్టుకోవాలి. రెండు వైపులకూ రెండు వేరు గొట్టాలు. తోట వైపు గొట్టాన్ని పెరట్లో అరటి, కరివేపాకు, మునగ పాదులకు తిప్పాలి. ఆ నీరు వాటికి ఎరువు నీరే. బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి మాత్రం వదలొద్దు, నైట్రేటు నేరుగా బోరులోకి దిగుతుంది.

మంచి వైపు నీటికి తొలి వాన వదిలేయడం అనే పద్ధతి బాగా పనిచేస్తుంది. ఉత్త స్లాబు మీద దుమ్ము, పక్షుల రెట్టలు మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానకే కొట్టుకొస్తాయి. 300 చదరపు అడుగులకు ఇది 30 నుంచి 60 లీటర్లు. గొట్టాన్ని ముందు ఒక పాత డ్రమ్ములోకి వదిలి, అది 60 లీటర్లు నిండాక సంపుకు తిప్పితే సరి. ఈ పద్ధతి తోట వైపు పనికిరాదు. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. కుండీల్లోని మట్టి మొదటి వానను తాగేస్తుంది. నిండాకే కారడం మొదలవుతుంది. అంటే మనం వదిలేసిన తొలి నీరు తేటగా ఉండి, సంపుకు తిప్పాక గోధుమ రంగు నీరు దిగుతుంది.

తోట యాజమాన్యంలోనూ కొన్ని మార్పులు చేసుకుంటే కారేది తగ్గుతుంది. ఎరువు పోతే డబ్బు పోయినట్టే కదా. కుండీలో కంపోస్టు సగానికి సగం నింపే బదులు మూడో వంతు లోపు వేసి, పొలం ఎర్రమట్టి కలిపితే భాస్వరం నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజున యూరియా, డి.ఎ.పి., నీటిలో కరిగే ఎరువులు వేయొద్దు. వేపపిండి, ఆముదం పిండి లాంటివి కొద్దికొద్దిగా కరుగుతాయి, వాటిని కొంచెం కొంచెంగా వేసుకోవచ్చు. స్వీడన్‌లోనే 2007లో వచ్చిన మరో పరిశోధనలో మామూలు ఎరువు వేసిన కప్పుల నుంచి పోషకాలు బాగా కారాయి, మెల్లగా విడుదలయ్యే ఎరువు వేసినచోట తక్కువగా కారాయి. కుండీ కింద పళ్లెం పెడితే మామూలు రోజుల్లో కారింది మళ్లీ మొక్కకే పోయొచ్చు. దోమలు చేరకుండా పూటకోసారి ఒంపేయాలి. కుండీలు ఖాళీగా ఉన్న నెలల్లో వాటిని అలా వదిలేయకుండా తోటకూరో, మెంతికూరో చల్లితే మిగిలిన నత్రజనిని అవి తినేస్తాయి.

కుండీలు వద్దు, స్లాబు మొత్తం మట్టి పోసేద్దాం అనుకునేవాళ్లు ఇంజనీరును అడగకుండా చేయకండి. నాలుగు అంగుళాల మట్టి తడిస్తే చదరపు మీటరుకు 180 కిలోలు దాటుతుంది. మామూలు ఇళ్ల మిద్దెలను మనుషులు తిరగడానికి చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కతో కడతారు.

ఇప్పటికే తోట నీరు, మంచి నీరు కలిసిన సంపు ఉన్నవాళ్లు ఒకసారి నీటి పరీక్ష చేయించాలి. శుభ్రమైన లీటరు సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, మూత బిగించి అదే రోజు ఇవ్వాలి. ఎక్కడివ్వాలో మండలంలోని గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరును అడిగితే చెబుతారు. నైట్రేటు, క్రిములు ఈ రెండూ చూడమని అడగండి. క్రిముల పరీక్షకు వేరే సీసా వాళ్లే ఇస్తారు, దాన్ని తొలవకూడదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఫలితం వచ్చేదాకా పాలపొడి కలపడానికి ఆ నీళ్లు వాడొద్దు.